కీడెంచినవాళ్లు, తలుపు తీసిన పిల్లవాడు

(ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

మిత్రులారా, నమస్కారం. భయానక చిత్రాల గురించి, అందులోనూ స్లాషర్ చిత్రాల గురించి గంటసేపు మాట్లాడమంటే, అందులో మాట్లాడటానికి ఏముంది అని కొందరు అడిగారు. ముసుగు వేసుకున్నవాడు వస్తాడు, కత్తితో పొడుస్తాడు, చివర్లో ఒక అమ్మాయి మిగులుతుంది, అంతే కదా అన్నారు. అంతే అయితే 1978లో మొదలైన ‘హాలోవీన్’ కథ 2022 దాకా పదమూడు సినిమాలుగా ఎందుకు సాగింది? చంపడం చూడటానికైతే ఒక్క సినిమా చాలు కదా. నేను ఈ సినిమాలన్నీ మళ్లీ మళ్లీ చూశాను. చూసిన ప్రతిసారీ నా కళ్లు ముసుగువాడి మీద నుంచి జారి, వాడికి ఎదురుగా నిలబడ్డవాళ్ల మీదికి వెళ్లేవి. ఈ సాయంత్రం వాళ్ల గురించే మాట్లాడతాను.

హాలోవీన్ సినిమాల సంగతి చెబుతున్నాను. చూడనివారి కోసం మూల కథ రెండు మాటల్లో. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం, హాడన్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు. ఊరు కల్పితం. 1963లో హాలోవీన్ రాత్రి, అంటే పిల్లలు వేషాలు, ముసుగులు వేసుకునే పండగ రాత్రి, మైకెల్ మయర్స్ అనే ఆరేళ్ల పిల్లవాడు తన అక్కను కత్తితో చంపుతాడు. పదిహేనేళ్లు ఆస్పత్రిలో ఉంచుతారు. 1978లో తప్పించుకుని ఊరికి తిరిగి వస్తాడు. ఆ రాత్రి పిల్లల్ని చూసుకోవడానికి ఒక ఇంటికి వెళ్లిన లోరీ స్ట్రోడ్ అనే అమ్మాయి వాడికి ఎదురుపడుతుంది. దర్శకుడు జాన్ కార్పెంటర్. డెబ్రా హిల్‌తో కలిసి రాశాడు, సంగీతం కూడా తనే కట్టాడు. చాలా తక్కువ డబ్బుతో తీశారు. ఆ ముసుగు ఒక టీవీ నటుడి ముఖంతో అంగట్లో దొరికే ముసుగే. దానికి తెల్ల రంగు వేసి, కంటి రంధ్రాలు పెద్దవి చేశారు. పేర్ల జాబితాలో ఆ ముసుగు మనిషికి మైకెల్ అని కూడా వేయలేదు, ‘ఆకారం’ అని వేశారు. ఈ మాట గుర్తుంచుకోండి. ఆకారం. ముఖం లేనిది. ముఖం లేకపోతే ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. ఆ సినిమాల్లో మైకెల్ గురించి వాడే ‘ఈవిల్’ అనే మాటను మనం తెలుగులో ఏమనాలి? చెడు అనాలా, కీడు అనాలా? చెడు అంటే మనిషి చేసేది. ‘వాడు చెడ్డవాడు’ అంటాం, ‘చెడిపోయాడు’ అంటాం. చెడిపోయాడంటే ఒకప్పుడు బాగున్నాడనే కదా అర్థం. కీడు అలా కాదు. కీడు వస్తుంది, సోకుతుంది, మూడుతుంది. దానికి కారణం అడగం, రాకుండా చూసుకుంటాం. ఈ సినిమాలన్నింటిలోనూ జరిగే తగువు ఈ రెండు మాటల మధ్య తగువే. మైకెల్ చెడిపోయిన మనిషా, మనిషి రూపంలో వచ్చిన కీడా? దీనికి మీరు ఏ జవాబు చెబితే, ఎదుర్కొనే పద్ధతి దాన్నిబట్టి మారిపోతుంది.

డాక్టర్ లూమిస్ జవాబు అందరికంటే ముందు వస్తుంది. డొనాల్డ్ ప్లెజెన్స్ అయిదు సినిమాల్లో వేసిన పాత్ర. ఆయన వైద్యుడు, అందులోనూ మనసుకు వైద్యం చేసేవాడు. మొదటి సినిమాలో పోలీసు అధికారికి తన కథ చెబుతాడు. ఎనిమిదేళ్లు ఆ పిల్లవాడి మనసు దగ్గరికి చేరాలని ప్రయత్నించాను, తర్వాత ఏడేళ్లు వాడు బయటికి రాకుండా చూడాలని ప్రయత్నించాను అంటాడు. ఎనిమిది, ఏడు. ఆ పదిహేనేళ్లలో ఎక్కడో ఒకచోట ఈ వైద్యుడు చెడు అనే మాట వదిలేసి కీడు అనే మాట పట్టుకున్నాడు. ఏ రోజున అన్నది సినిమా చూపించదు. నాకు ఆ రోజు చూడాలని ఉంటుంది. ఒక వైద్యుడు తన రోగిని ఇక రోగి కాదు అనుకున్న రోజు అది. ఆయన చెప్పింది నిజమే కావచ్చు, సినిమా ఆయన పక్షానే ఉంది. కానీ ఆ నిజం తెలిసిన తర్వాత ఆయనకు ఇంకేదీ కనిపించకుండా పోతుంది. అయిదో సినిమాకు వచ్చేసరికి, 1989లో, మైకెల్‌ను పట్టుకోవడానికి తొమ్మిదేళ్ల పాపను ఎరగా పెడతాడు. ఎవరిని కాపాడటానికి వాడి వెంట పడుతున్నాడో ఆ పాపనే!

మనలో ఒక సామెత ఉంది కదా, కీడెంచి మేలెంచమన్నారు. రెండు భాగాలున్న సామెత. లూమిస్ కీడెంచాడు, చాలా బాగా ఎంచాడు, అందరికంటే ముందు ఎంచాడు. మేలెంచే భాగం దగ్గరికి రాలేకపోయాడు. ఈ సినిమాల్లో చాలామంది ఆ సామెతలో సగం దగ్గరే ఆగిపోతారు.

ఇప్పుడు ముసుగు సంగతికి వస్తాను. కొంచెం ఓపికగా వినండి, ఇది నాకు చాలా ముఖ్యం.

1981లో వచ్చిన రెండో సినిమా, అదే రాత్రి కొనసాగుతుంది. ఊరంతా భయంతో ఉంది. వీధిలో అలాంటి ముసుగే వేసుకుని ఒకడు నడుస్తున్నాడు. లూమిస్ తుపాకీ ఎత్తి వాడి వెంట పడతాడు. ఈలోగా పోలీసు కారు వచ్చి వాణ్ని గుద్దేస్తుంది, మంటల్లో కాలిపోతాడు. ఎవరు వాడు? బెన్ ట్రేమర్. చదువుకునే కుర్రవాడు, పండగ కాబట్టి ముసుగు వేసుకున్నాడు. మొదటి సినిమా జాగ్రత్తగా చూసినవారికి ఈ పేరు తెలుసు. లోరీ తన స్నేహితురాలితో సిగ్గుపడుతూ చెబుతుంది, డాన్సుకు ఎవరితోనైనా వెళ్లాలని ఉంటే బెన్ ట్రేమర్‌తోనే అని. ఆ పిల్లకు నచ్చిన అబ్బాయి. వాణ్ని చంపింది మైకెల్ కాదు. మంచివాళ్లు, ఊరిని కాపాడటానికి బయల్దేరినవాళ్లు.

ఒక్కసారి జరిగితే ప్రమాదం అనుకోవచ్చు. 1988లో నాలుగో సినిమా. ఈసారి బారులో కూర్చున్న మగవాళ్లు తుపాకులు తీసుకుని ట్రక్కులెక్కుతారు. పొదల వెనక ఏదో కదులుతుంది. అందరూ కలిసి కాలుస్తారు. దగ్గరికి వెళ్లి చూస్తే తమ ఊరివాడే, టెడ్ హొలిస్టర్. ఇక 2021లో వచ్చిన సినిమా. మైకెల్‌తో పాటు తప్పించుకున్న మరో రోగి, పొట్టిగా, లావుగా, భయంతో వణికిపోతున్నవాడు, సహాయం కోసం ఆస్పత్రికి వస్తాడు. మైకెల్ ఇంత పొట్టిగా ఉండడని చూడగానే తెలియాలి కదా? తెలియదు. ఈ రాత్రి కీడు చావాలి అని నినాదం చేస్తూ వందలమంది ఆ మనిషిని మెట్లమీద తరుముతారు. లోరీ కూతురు కేరన్, ఇతను వాడు కాదు, ఇతను వాడు కాదు అని అరుస్తుంది. ఎవరూ వినరు. అతను కిటికీలోంచి దూకి చనిపోతాడు.

1981, 1988, 2021. ముగ్గురు అమాయకులు. తీసినవాళ్లు వేరు, రాసినవాళ్లు వేరు. 2018 నుంచి వచ్చిన సినిమాలైతే మధ్యలో వచ్చినవన్నీ జరగనట్టే కొట్టేసి, నేరుగా 1978 నుంచి కథ అందుకున్నాయి. అయినా ఈ ఒక్క సంఘటన మాత్రం తిరిగి తిరిగి వస్తూనే ఉంది. ఎందుకు? కీడుకు ముఖం లేదని ముందే ఒప్పుకున్నాం కాబట్టి. ముఖం లేనిదానికి ఎవరి ముఖమైనా సరిపోతుంది.

ఇక్కడ కొందరు మిత్రులు రక్తబీజుడి కథ గుర్తుచేస్తారు. నేల మీద పడిన ప్రతి చుక్క నుంచి మరొకడు పుడతాడు కదా, మైకెల్ అలాంటివాడే అంటారు. నేను ఒప్పుకోను. రక్తబీజుడి విషయంలో నేల మీద పడేది వాడి నెత్తురు. హాడన్‌ఫీల్డ్‌లో పడేది ఊరివాళ్ల నెత్తురు. పుట్టేది ఆ నెత్తుటిలోంచే.

నాలుగోది కూడా చెప్పాలి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. 1998లో వచ్చిన సినిమాలో లోరీ పేరు మార్చుకుని, కాలిఫోర్నియాలో ఒక ప్రైవేటు బడికి అధిపతిగా బతుకుతుంటుంది. తాగుడు, పీడకలలు, కొడుకును గుమ్మం దాటనివ్వని భయం. మైకెల్ మళ్లీ వస్తాడు. కొడుకును సురక్షితంగా పంపేసి, తాను మాత్రం గేటు మూసి, గొడ్డలి తీసుకుని వెనక్కి నడుస్తుంది. ఇరవై ఏళ్లు పారిపోయిన మనిషి ఆగి వెనక్కి తిరిగిన క్షణం అది. చివర్లో వాడు వ్యానుకీ చెట్టుకీ మధ్య ఇరుక్కుపోయి చేయి చాస్తాడు. ఆమె కూడా చేయి చాచబోతుంది. ఒక్క క్షణం. తర్వాత గొడ్డలి దిగుతుంది. ఆ ముగింపు చూసి నేను ఎంత ఊపిరి పీల్చుకున్నానో చెప్పలేను. అయిపోయింది అనుకున్నాను.

2002లో తర్వాతి సినిమా వచ్చి ఏం చెప్పింది? ఆ ముసుగులో ఉన్నది మైకెల్ కాదు. గొంతు నలిగిపోయి మాట రాని ఒక అంబులెన్సు ఉద్యోగి. మైకెల్ తన ముసుగు అతనికి తొడిగి వెళ్లిపోయాడు. అంటే ఆ చాచిన చేయి సహాయం అడిగిన చేయి! ఇది కథను సాగదీయడానికి చేసిన అతుకు అని చాలామంది కోప్పడ్డారు. అతుకే. కానీ ఆ అతుకు వల్ల తర్వాతి సన్నివేశం పుట్టింది. లోరీ ఇప్పుడు మానసిక చికిత్సాలయంలో ఉంది. మైకెల్ వస్తాడు. ఆమె మేడమీద ఉచ్చు పన్ని వాణ్ని వేలాడదీస్తుంది. తాడు కోస్తే చాలు. కోయదు. ముసుగు తీసి చూడాలనుకుంటుంది, మళ్లీ వేరేవాణ్ని చంపకూడదు కదా. ముసుగు మీదికి చేయి చాచుతుంది. వాడు పట్టేసుకుంటాడు, ఆమె చనిపోతుంది.

ఆ సినిమా మంచి సినిమా అని నేను అనను. కానీ ఆ ఒక్క సన్నివేశం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఎన్నో సినిమాల్లో ముఖం చూడకుండానే కాల్చారు. చూడాలనుకున్న మనిషి చనిపోయింది. అయితే ఆమె తప్పు చేసిందా? మీరే చెప్పండి, తప్పు చేసిందా? నాకు ఆమె చేసింది తప్పనిపించదు. ప్రాణం పోయినా తప్పనిపించదు.

అర్థం చేసుకోవడం అనే దారి కూడా ఉంది. మైకెల్‌ను అర్థం చేసుకుంటే? 1989 సినిమాలో పిల్లల ఆస్పత్రిలో ఉంటున్న చిన్న జేమీ, లూమిస్ ఎరగా పెట్టిన పాపే, మైకెల్ మేనకోడలు, ముసుగువాడి ముందు చిక్కుకుపోయి ‘మామయ్యా’ అని పిలుస్తుంది. ముసుగు తీయమంటుంది. తీస్తాడు! వాడి చెంప మీద కన్నీరు. ఆ పాప దాన్ని తుడవబోతుంది, వేలు తగలగానే వాడు మళ్లీ మృగమైపోతాడు. కరుణ ఎంత దూరం వెళ్లగలదో అంత దూరమూ వెళ్లింది, ఒక్క వేలంత దూరంలో ఆగిపోయింది. 2007లో రాబ్ జాంబీ మొదటి కథనే మళ్లీ తీస్తూ, ఆ పిల్లవాడి ఇల్లు, తిట్లు, అవమానాలు అన్నీ చూపించాడు. కారణాలన్నీ తెలిశాయి. తెలిసినందువల్ల ఎవరి ప్రాణమూ నిలవలేదు. 2018 సినిమాలో ఒక డాక్టరు వస్తాడు, లూమిస్ తర్వాత మైకెల్‌ను చూసుకున్నవాడు. ఇతనికి భయం లేదు, కుతూహలం ఉంది. చంపేటప్పుడు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని తానే ఒకణ్ని పొడిచి, ఆ ముసుగు తగిలించుకుంటాడు. జేమీ కన్నీరు తుడవాలనుకుంది, ఇతను కన్నీటి రుచి చూడాలనుకున్నాడు. రెండింటినీ అర్థం చేసుకోవడం అనే ఒకే మాటతో పిలవడం నాకు ఇష్టం లేదు.

మధ్యలో 1982 సినిమా ఒకటుంది, అందులో మైకెలే లేడు. ముసుగులు అమ్మే వ్యాపారి టీవీ ప్రకటన ద్వారా పిల్లల్ని చంపాలనుకుంటాడు. కథానాయకుడు చివర్లో ఫోను పట్టుకుని ఆపండి, ఆపండి అని బతిమాలుతూ ఉండగా సినిమా అయిపోతుంది. కత్తీ లేదు, గొడ్డలీ లేదు, ఎదుర్కోవడమంటే అవతలివాడు మన మాట నమ్మేలా చేయడమే. 1995 సినిమా కీడుకు ఒక రహస్య తెగనూ శాపాన్నీ కల్పించింది. దాని గురించి ఎక్కువ చెప్పను. శాపం అనగానే ఎవరూ ఏదీ చేయాల్సిన పని లేకుండా పోతుంది.

ఇక 2018 లోరీ. జేమీ లీ కర్టిస్ నలభై ఏళ్ల తర్వాత అదే పాత్రలో. ఈ లోరీ పారిపోలేదు, సిద్ధపడింది. ఇంటి చుట్టూ కంచె, పెరట్లో గురి చూసి కాల్చడానికి బొమ్మలు, వంటింటి బల్ల కింద నేలమాళిగ. కూతురికి చిన్నప్పటి నుంచి తుపాకీ నేర్పింది. ఎంత నేర్పిందంటే, కూతురికి పన్నెండేళ్లప్పుడు ప్రభుత్వం వచ్చి, ఈ తల్లి దగ్గర పిల్ల పెరగకూడదని తీసుకుపోయింది. కేరన్ దృష్టిలో ఆ నేలమాళిగ తన బాల్యాన్ని బంధించిన పంజరం. సినిమా చివర తెలుస్తుంది, అది మైకెల్ కోసం పన్నిన బోను అని. కేరన్ తుపాకీ పట్టుకుని ‘నా వల్ల కాదమ్మా’ అని ఏడుస్తుంది, ఆ ఏడుపు నమ్మి వాడు ముందుకు వస్తాడు, ఆమె కాలుస్తుంది. అమ్మమ్మ, తల్లి, మనవరాలు ముగ్గురూ కలిసి వాణ్ని అందులో పెట్టి నిప్పంటిస్తారు. చూస్తున్నప్పుడు మనసు పొంగిపోతుంది. నాకూ పొంగిపోయింది.

కానీ తర్వాత ఆలోచించండి. బోను పనిచేసింది. పంజరం కూడా పనిచేసింది. ఆ పిల్ల పోగొట్టుకున్న బాల్యం ఎవరిస్తారు? లోరీ ఎంచిన కీడు నిజమైంది, ఆమె చెప్పినట్టే వచ్చింది. అందువల్ల ఆమె తల్లిగా చేసింది ఒప్పయిపోయిందా? ఆ సినిమా చివరి చూపు మనవరాలి చేతి మీద ఉంటుంది. ట్రక్కులో వెళ్లిపోతున్నారు, అంతా అయిపోయింది, ఆ పిల్ల చేతిలో మాత్రం కత్తి అలాగే ఉంది. కెమెరాకు ఆ విషయం తెలుసు.

2022 సినిమా చాలామందికి నచ్చలేదు. నాకు నచ్చింది, దాచుకోను. అందులో కోరీ అనే కుర్రవాడు పిల్లవాణ్ని చూసుకుంటుండగా ప్రమాదం జరిగి ఆ పిల్లవాడు చనిపోతాడు. కోర్టు వదిలేస్తుంది, ఊరు వదిలిపెట్టదు. మైకెల్ కనబడకుండా పోయాడు కాబట్టి ఊరికి ద్వేషించడానికి ఒకడు కావాలి. ద్వేషించి ద్వేషించి చివరికి వాణ్ని తాము అనుకున్నట్టే తయారు చేస్తుంది. ఆ సినిమాలో లోరీ తన జీవితకథ రాస్తూ ఉంటుంది. బయటి నుంచి వచ్చేది ఒకటి, మనలో జబ్బులా పాకేది ఒకటి అని రెండు రకాల కీడు గురించి రాస్తుంది. కోరీ రెండో రకం. చెడిపోయినవాడు. అంటే ఒకప్పుడు బాగున్నవాడు.

చివరికి మైకెల్ వంటింటి బల్ల మీద చనిపోతాడు. ఊరంతా వరుసగా కార్లలో ఆ శవం వెంట వెళ్లి, ఇనుము నలగ్గొట్టే యంత్రంలో వేస్తారు. ఎందుకంత? చనిపోయాడని అందరూ కళ్లారా చూడాలి కాబట్టి. మొదటిసారి ఆ ఊరు నినాదాలు లేకుండా, ఎవరినీ తరమకుండా, మౌనంగా ఒకచోట చేరింది.

సరే. ఇన్ని చెప్పాను, ఇందులో నాకు నచ్చిన పద్ధతి ఏది అని మీరు అడుగుతారు. దానికి మొదటి సినిమాకే వెళ్లాలి. 1978, ఆ రాత్రి.

లోరీకి వెనక మైకెల్ వస్తున్నాడు. వీధిలోకి పరుగెత్తి ఒక ఇంటి తలుపు బాదుతుంది. కాపాడండి అని అరుస్తుంది. లోపల దీపం వెలుగుతుంది. కిటికీ తెరలోంచి ఎవరో చూస్తారు. చూసి, తెర దించి, దీపం ఆర్పేస్తారు. గమనించారా? ఆ మనిషి చెడ్డవాడు కాదు. ఏదో పిల్లల పండగ అల్లరి అనుకుని ఉండొచ్చు. లోరీ తాను పిల్లవాణ్ని చూసుకుంటున్న ఎదురింటికి పరుగెత్తుతుంది. తాళంచెవి లేదు. పూలకుండీ తీసి మేడమీది కిటికీకి విసురుతుంది. నిద్రమత్తులో ఉన్న టామీ అనే చిన్న పిల్లవాడు మెట్లు దిగి వచ్చి తలుపు తీస్తాడు. పెద్దవాడు దీపం ఆర్పాడు, పిల్లవాడు తలుపు తీశాడు. సినిమా మొత్తంలో బూచివాడు ఉన్నాడని మొదటి నుంచీ నమ్మినవాడు టామీ ఒక్కడే. అంత నమ్మకం, అంత భయం ఉన్నవాడు, ఆ చీకట్లో తలుపు తీశాడు!

తర్వాత లోరీ అల్లిక సూదితో పొడుస్తుంది, బట్టల హ్యాంగరు తీగతో పొడుస్తుంది, వాడి కత్తితోనే వాణ్ని పొడుస్తుంది. ప్రతిసారీ కత్తి కింద పడేస్తుంది. థియేటర్లో జనం అరుస్తారు, కత్తి పడేయకు, పడేయకు అని. నేనూ మొదటిసారి చూసినప్పుడు అలాగే కోప్పడ్డాను. ఇప్పుడు చూస్తే, ఆమె కత్తి పడేసి ఎటు తిరుగుతోంది? పిల్లల వైపు. ఆమె ఆ రాత్రి కీడుతో యుద్ధం చేయడానికి ఆ ఇంటికి రాలేదు. పిల్లల్ని చూసుకోవడానికి వచ్చింది. చివరిదాకా అదే పని చేసింది.

లూమిస్ ఆ సాయంత్రం ఎక్కడున్నాడు? మైకెల్ పాత ఇంటి దగ్గర పొదల్లో నిలబడి కాపలా కాస్తున్నాడు. కీడు ఎక్కడ పుట్టిందో అక్కడికే వస్తుందని ఆయన లెక్క. ఆయన కాపలా కాస్తుండగా వాడు అక్కడికి రాలేదు. లోరీ పిల్లలిద్దరినీ గదిలోంచి బయటికి తెచ్చి, మెట్లు దిగి, బయటికి వెళ్లి, ఫలానా వాళ్లింటికి పరుగెత్తి పోలీసుల్ని పిలవమనండి అని పంపుతుంది. తాను గుమ్మానికి ఆనుకుని కూర్చుండిపోతుంది, వెనక వాడు లేచి కూర్చున్నాడని తెలియకుండా. ఆ పిల్లలిద్దరూ గట్టిగా ఏడుస్తూ వీధిలోకి పరుగెత్తుకొస్తారు. అప్పటికి లూమిస్ వీధుల్లో వెతుక్కుంటూ అటే నడుస్తున్నాడు. ఆ ఏడుపు ఆయన చెవిన పడుతుంది. తల తిప్పి చూస్తాడు. ఏ ఇంట్లోంచి వచ్చారో ఆ ఇంట్లోకి పరుగెత్తి, మెట్లెక్కి, తుపాకీ పేలుస్తాడు.